గడి చిరునామాకు తాళం వేసే మీట

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగి, ఉద్యోగానికో పరిశోధనకో కోల్‌కతా సాల్ట్ లేక్ చేరుకున్న తెలుగు విద్యార్థికి మొదట వింతగా తోచేవి అక్కడి చిరునామాలు. మన ఊళ్లలోలాగా ఫలానావారి వీధి, రామాలయం వెనక సందు అంటే అక్కడ చెల్లదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె చెప్పాలి. ఏఎఫ్, బీడీ, సీఎఫ్, డీసీ, జేడీ అంటూ బ్లాకులు. ప్రతి బ్లాకులోనూ స్థలాల నంబర్లు. సాహా అణుభౌతిక సంస్థ చిరునామా 1/ఏఎఫ్. పక్కనే ఉన్న వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం చిరునామా కూడా అదే. సత్యేంద్రనాథ్ బోస్ పేరిట 1986లో ఏర్పడిన మౌలిక విజ్ఞాన కేంద్రం ఉన్నది జేడీ బ్లాకులో.

ఇలా ఉండటానికి కారణం ఆ ఊరు దానంతట అది పెరిగినది కాకపోవడమే. పేరులోనే ఉన్నట్టు అక్కడ ఒకప్పుడు ఉండేది ఉప్పునీటి చిత్తడి. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ హయాంలో 1962లో పూడిక పని మొదలయింది. హుగ్లీ నదిలోంచి ఒండ్రును నీటితో కలిపి గొట్టాల ద్వారా తోడి తెచ్చి ఆ చిత్తడిని నింపారు. యుగోస్లావియాకు చెందిన డొబ్రివోయె తోష్కోవిచ్ పట్టణ పథకం గీశారు. ముందు కాగితం మీద గీతలు, అక్షరాలు, అంకెలు వచ్చాయి. మనుషులు తర్వాత వచ్చారు. బిధాన్‌నగర్ అన్నది దాని అధికార నామం.

మీరు కంప్యూటర్ మీద స్ప్రెడ్‌షీట్ తెరిచి ఉంటే ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది. అందులోనూ నిలువు వరుసలకు అక్షరాలు, అడ్డు వరుసలకు అంకెలు. బి అనే నిలువు వరుస, 2 అనే అడ్డు వరుస కలిసే చోట ఉన్న గడి పేరు బి2. జెడ్ అయిపోయాక ఏఏ, ఏబీ, ఏసీ అని సాగుతుంది. (ఆ ఇంగ్లీషు అక్షరాలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.) సాల్ట్ లేక్ బ్లాకులను నిలువు వరుసలుగా ఊహించుకుంటే ఒక చిన్న లెక్క చేయవచ్చు. ఏఎఫ్ అంటే 26కు 6 కలిపి 32వ వరుస. డీసీ అంటే 4 ఇరవయ్యారులు, దానిపైన 3, అంటే 107. జేడీ అంటే 10 ఇరవయ్యారులకు 4 కలిపి 264. ఎక్సెల్ పాత రూపాల్లో నిలువు వరుసలు 256 మాత్రమే ఉండేవి, చివరిది ఐవీ. కాబట్టి బోస్ కేంద్రం ఉన్న బ్లాకుకు ఆ పాత షీటులో చోటే లేదు! 2007 నుంచి వరుసలు 16,384కు పెరిగాయి గనక ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు సాల్ట్ లేక్‌లో ఒక ఇంటి ముందు నిలబడి ఉన్నారనుకోండి. స్నేహితుడి ఇంటికి దారి రెండు విధాలుగా చెప్పవచ్చు. "నువ్వున్న చోటు నుంచి ఎడమవైపు రెండో ఇల్లు" అని ఒక పద్ధతి. "డీసీ బ్లాకులో పదో నంబరు" అని ఇంకో పద్ధతి. మీరు నిలబడ్డ చోటే ఉన్నంతవరకు రెండూ ఒకే ఇంటికి చేరుస్తాయి. అవే మాటలు కాగితం మీద రాసి వేరే బ్లాకులో ఉన్న మనిషికి ఇచ్చి చూడండి. రెండో కాగితం పట్టుకున్నవాడు సరైన ఇంటికే వస్తాడు. మొదటి కాగితం పట్టుకున్నవాడు మరెవరి తలుపో తడతాడు. తప్పు అతనిది కాదు, చీటీ చెప్పినట్టే నడిచాడు.

స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం రాసినప్పుడు మీరు ఏ2 అని టైపు చేస్తే, చూడటానికి అది పూర్తి చిరునామాలాగే ఉంటుంది. నిజానికి కంప్యూటర్ దాన్ని "నేనున్న గడికి ఎడమవైపు ఒకటో గడి" అన్న పద్ధతిలో అర్థం చేసుకుంటుంది. సూత్రాన్ని వేరే గడికి కాపీ చేయగానే చిరునామా కూడా అంత దూరం జరుగుతుంది. దీన్ని సాపేక్ష నిర్దేశం అందాం. జరగకూడదు అనుకుంటే $ గుర్తు పెట్టాలి. $ఏ$2 అని రాస్తే సూత్రం ఎక్కడికి పోయినా అది ఏ2నే చూస్తుంది. ఇది నిరపేక్ష నిర్దేశం. ఇక్కడ డాలర్ గుర్తుకు డబ్బుతో ఏ సంబంధమూ లేదు, అది తాళం కప్ప అనుకోండి. అక్షరం ముందుంటే నిలువు వరుసకు తాళం, అంకె ముందుంటే అడ్డు వరుసకు తాళం. ఒకదానికి వేసి రెండోదాన్ని వదిలేయవచ్చు కూడా.

ఈ తాళం వేసే మీట ఎఫ్4. సూత్రం రాస్తూ ఏ2 అని టైపు చేసిన వెంటనే ఎఫ్4 ఒకసారి నొక్కితే $ఏ$2 అవుతుంది. రెండోసారి నొక్కితే ఏ$2, మూడోసారి $ఏ2, నాలుగోసారి మళ్లీ మామూలు ఏ2. నాలుగు రూపాలూ చక్రంలా తిరుగుతాయి. గూగుల్ షీట్స్‌లోనూ, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్‌లోనూ ఎఫ్4 ఈ పనే చేస్తుంది. మాకింటాష్ మీద ఎక్సెల్ వాడేవారికి కమాండ్ మీటతో టి నొక్కినా చాలు.

ఎందుకు ఎఫ్4? ఎఫ్3 ఎందుకు కాకూడదు? దీనికి చరిత్రే సమాధానం. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం తయారుచేసిన విజికాల్క్‌లో సూత్రాన్ని నకలు తీయాలంటే కంప్యూటర్ ఒక్కో చిరునామా దగ్గరా ఆగి, ఇది మారాలా వద్దా అని అడిగేది. పది చిరునామాలుంటే పది ప్రశ్నలు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో ఆ సమాధానం సూత్రంలోనే డాలర్ గుర్తుగా ఉండిపోయింది. ఐబీఎం పీసీ కీబోర్డుకు ఎడమ పక్కన ఉండే పది ఫంక్షన్ మీటల్లో లోటస్ వారు సవరణకు ఎఫ్2, ఈ తాళానికి ఎఫ్4, ఫలానా గడికి వెళ్లడానికి ఎఫ్5, మళ్లీ లెక్కించడానికి ఎఫ్9 కేటాయించారు. తర్వాత వచ్చిన ఎక్సెల్ ఆ అలవాటును చెడగొట్టలేదు. లోటస్ దుకాణం మూతబడి చాలా కాలమైనా దాని మీటలు మాత్రం మన వేళ్ల కింద ఇంకా బతికే ఉన్నాయి.

ఆరు స్టేషన్లు, ముప్పయ్యారు గళ్లు

తాళం అవసరం ఎలాంటిదో రెండు ఉదాహరణలతో చూద్దాం. మొదటిది తేలిక. హాస్టల్ మెస్ బిల్లు వేస్తున్నారు. రోజుకు ఇంత అన్న రేటు ఇ1 గడిలో ఉంది. బి2 నుంచి కిందికి ఒక్కొక్కరు తిన్న రోజులు ఉన్నాయి. సి2లో =బి2*ఇ1 అని రాసి కిందికి లాగారు. మొదటి పేరుకు బిల్లు సరిగ్గా వస్తుంది. రెండో పేరుకు బి3ను ఇ2తో గుణిస్తుంది, ఇ2 ఖాళీ కాబట్టి జవాబు సున్నా. ఆ తర్వాత అందరికీ సున్నాలే. ఇలాంటి తప్పు మంచి తప్పు, ఎందుకంటే అది కేకవేసి చెబుతుంది. ఇ1 దగ్గర ఎఫ్4 ఒకసారి నొక్కి =బి2*$ఇ$1 చేస్తే తీరిపోతుంది.

చెప్పకుండా దాక్కునే తప్పు వేరు. దానికోసం సాల్ట్ లేక్‌నే తీసుకుందాం. 2020 ఫిబ్రవరిలో అక్కడ మెట్రో మొదలైనప్పుడు ఆరు స్టేషన్లుండేవి. వరుసగా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్, కరుణామయి, సెంట్రల్ పార్క్, సిటీ సెంటర్, బెంగాల్ కెమికల్, సాల్ట్ లేక్ స్టేడియం. (2025 ఆగస్టు నుంచి ఇదే మార్గం హౌరా దాకా అతుకు లేకుండా సాగుతోంది, స్టేషన్లు 12 అయ్యాయి. మనకు ఆరు చాలు.) ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ ఎన్నోదో చెప్పే పట్టిక కావాలి. స్టేషన్లకు 1 నుంచి 6 దాకా నంబర్లు ఇచ్చి ఏ2 నుంచి ఏ7 వరకు నిలువుగా రాయండి. అవే నంబర్లు బి1 నుంచి జి1 వరకు అడ్డంగా రాయండి. మధ్యలో 36 గళ్లు. ఒక్కో గడిలో ఎడమ చివరి నంబరుకూ పై చివరి నంబరుకూ ఉన్న తేడా రావాలి. తేడా రుణసంఖ్య కాకుండా ఏబీఎస్ అనే ప్రమేయం ఉంది, అది గుర్తు తీసేసి విలువ మాత్రం ఇస్తుంది.

బి2లో =ఏబీఎస్(ఏ2-బి1) అని రాసి 36 గళ్లకూ నింపారనుకోండి. ఏమవుతుంది? మొదటి గడిలో 0, సరైనదే. పక్కన సి2లో సూత్రం ఏబీఎస్(బి2-సి1)గా మారింది. బి2 అంటే ఇప్పుడు స్టేషన్ నంబరు కాదు, ఇప్పుడే వచ్చిన జవాబు. 0లోంచి 2 తీస్తే తేడా 2. రావలసింది 1. ఇలా ప్రతి గడీ తన పక్క గడి జవాబును, పై గడి జవాబును తీసుకుని లెక్కిస్తూ పోతుంది. మొదటి అడ్డు వరుసలో 0, 2, 1, 3, 2, 4 వస్తాయి. రావలసినవి 0, 1, 2, 3, 4, 5.

ఇందులో భయపెట్టే విషయం ఏమిటంటే పట్టిక చూడటానికి చక్కగా ఉంటుంది. మూల నుంచి మూలకు అన్నీ సున్నాలే, ఏ స్టేషన్ నుంచి దానికి దూరం సున్నా కదా అని మనం తల ఊపుతాం. ఇక్కడి నుంచి అక్కడికి ఎంతో అక్కడి నుంచి ఇక్కడికీ అంతే వస్తుంది. రుణసంఖ్యలు లేవు, పెద్ద సంఖ్యలు లేవు, తప్పు జరిగిందనే హెచ్చరిక లేదు. పైగా 36 గళ్లలో 16 నిజంగానే సరైనవి! మీరు పరీక్షగా చూసిన గడి ఆ పదహారులో ఒకటైతే అంతా బాగుందనుకుని కాగితం అచ్చు వేస్తారు. కరుణామయి నుంచి బెంగాల్ కెమికల్‌కు కూడా సున్నా అని చూపుతున్న గడి మీద కన్ను పడితేనే అనుమానం వస్తుంది.

ఇక్కడ ఏ2కు పూర్తి తాళం వేసినా పని జరగదు, అప్పుడు ప్రతి అడ్డు వరుసా మొదటి స్టేషన్ దూరాలనే చెబుతుంది. కావలసింది సగం తాళం. ఎడమ నంబరు ఎప్పుడూ ఏ వరుసలోనే ఉండాలి, కానీ మనం ఏ అడ్డు వరుసలో ఉంటే ఆ వరుసది కావాలి. కాబట్టి $ఏ2. పై నంబరు ఎప్పుడూ 1వ అడ్డు వరుసలోనే ఉండాలి, నిలువు వరుస మాత్రం మనతో జరగాలి. కాబట్టి బి$1. ఏ2 దగ్గర ఎఫ్4 మూడుసార్లు, బి1 దగ్గర రెండుసార్లు. సూత్రం =ఏబీఎస్($ఏ2-బి$1). చివరి గడి జి7కు చేరేసరికి అది =ఏబీఎస్($ఏ7-జి$1) అవుతుంది. అదే మనకు కావలసింది. ఎక్కాల పుస్తకం మొత్తం ఒకే సూత్రంతో నింపాలన్నా ఇదే కిటుకు, తీసివేత బదులు గుణకారం పెట్టండి.

నింపడానికీ మౌస్ అక్కరలేదు. బి2 నుంచి జి7 వరకు గళ్లను ముందే ఎంపిక చేసుకుని, సూత్రం టైపు చేసి, ఉత్త ఎంటర్ బదులు కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే 36 గళ్లూ ఒక్కసారే నిండుతాయి. పై గడిని కిందికి నింపడానికి కంట్రోల్, డి. ఎడమ గడిని కుడికి నింపడానికి కంట్రోల్, ఆర్. ఇవన్నీ తాళం లేని చిరునామాలను జరుపుతాయి. జరపకుండా పై గడిలోని సూత్రాన్ని అక్షరం పొల్లు పోకుండా దించుకోవాలంటే ఎక్సెల్‌లో కంట్రోల్ మీటతో ఎంటర్ పక్కనున్న అపాస్ట్రఫీ మీట నొక్కాలి. ఇది తెలిసినవాళ్లు తక్కువ.

కత్తిరించి అతికించడం మాత్రం వేరు. కంట్రోల్, ఎక్స్‌తో తీసి వేరే చోట పెట్టిన సూత్రంలో చిరునామాలు మారవు. పైగా ఒక గడిని మరో చోటికి తరలిస్తే, దాన్ని చూస్తున్న సూత్రాలన్నీ కొత్త చోటునే చూస్తాయి. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో చెప్పి వెళ్లినట్టు.

ఐదు దేశాలు జారిపోయిన కథ

తాళాల సంగతి ఒకటైతే, చిరునామా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది మరొకటి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ప్రఖ్యాత ఆర్థికవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. ఒక దేశపు ప్రభుత్వ రుణం ఆ దేశపు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే అభివృద్ధి బాగా పడిపోతుందని వారి గణాంకాలు చూపాయి. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించాలని వాదించేవారు ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆ వ్యాసాన్ని ఉదహరించారు.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ ప్రాంగణంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థికి, ఏదైనా ప్రచురితమైన వ్యాసం తీసుకుని అందులోని లెక్క మళ్లీ చేయమని తరగతిలో పని ఇచ్చారు. అతను ఈ వ్యాసం ఎంచుకున్నాడు. ఎంత చేసినా అవే జవాబులు రాలేదు. రచయితలనే అడిగితే వారు తమ స్ప్రెడ్‌షీట్ పంపారు. సగటు తీసే సూత్రంలో ఎల్30 నుంచి ఎల్49 వరకు ఉండాల్సిన చోట ఎల్30 నుంచి ఎల్44 వరకే ఉంది. ఇరవై దేశాల్లో ఐదు, ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్, లెక్కలోకే రాలేదు.

2013లో హెర్న్‌డన్ తన అధ్యాపకులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి ఈ సంగతి బయటపెట్టాడు. రుణం 90 శాతం దాటిన దేశాల సగటు అభివృద్ధి అసలు వ్యాసంలో మైనస్ 0.1 శాతం, వీరి లెక్కలో 2.2 శాతం. న్యాయంగా చెప్పాలంటే ఈ తేడా అంతా ఐదు గళ్ల వల్ల వచ్చింది కాదు. ఆ పొరపాటు వాటా 0.3 శాతం పాయింట్లే. కొన్ని సంవత్సరాల వివరాలు వదిలేయడం, దేశాలకు ఇచ్చిన ప్రాధాన్యం లెక్కగట్టిన తీరు మిగతా తేడాకు కారణాలని వీరన్నారు. సూత్రంలో తప్పు జరిగిందని ఆర్థికవేత్తలిద్దరూ ఒప్పుకున్నారు, మిగతా విమర్శను ఒప్పుకోలేదు. ఏదేమైనా ఒక విద్యార్థి తెరిచి చూసేవరకు ఆ ఐదు దేశాల ఊసు ఎవరికీ పట్టలేదు.

తెరిచి చూడటానికి ఉన్న మీటలే మనకు ఇప్పుడు కావాలి. నా దృష్టిలో ఎఫ్4 కన్నా ఇవే విలువైనవి.

మొదటిది ఎఫ్2. సూత్రమున్న గడి మీద నిలిచి ఎఫ్2 నొక్కితే సూత్రం తెరుచుకుంటుంది, అందులోని ఒక్కో చిరునామాకు ఒక్కో రంగు వస్తుంది, షీటు మీద ఆ గళ్ల చుట్టూ అదే రంగు చట్రం కనబడుతుంది. ఎల్44 దగ్గర చట్రం ఆగిపోయి కింద ఐదు గళ్లు బయట మిగిలితే కంటికి ఇట్టే తెలుస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కి బయటికి రండి. ఎఫ్2లో ఒక చిక్కుంది. తెరిచిన సూత్రంలో బాణం మీటలు నొక్కితే కర్సర్ అక్షరాల మధ్య నడుస్తుంది. గళ్ల మీద నడవాలంటే ఎఫ్2 మరోసారి నొక్కాలి. ఎక్సెల్‌లో అప్పుడు ఏ స్థితిలో ఉన్నారో కింద ఎడమ మూలన ఎడిట్, ఎంటర్, పాయింట్ అన్న మాటల్లో ఒకటి చూపుతుంది. అటు ఓ చూపు వేసే అలవాటు చేసుకోండి.

సూత్రం రాసేటప్పుడే గళ్ల శ్రేణిని పొరపాటు లేకుండా పట్టుకోవాలంటే మొదటి గడి మీద నిలిచి కంట్రోల్, షిఫ్ట్, కింది బాణం కలిపి నొక్కండి. అంకెలున్నంత మేరా ఎంపిక అవుతుంది. అయితే మధ్యలో ఖాళీ గడి వస్తే అక్కడే ఆగిపోతుంది. ఆ శ్రేణి మొత్తాన్ని ఎంపిక చేసి ఎఫ్4 నొక్కితే రెండు కొసలకూ తాళం పడుతుంది.

రెండోది, కంట్రోల్ మీటతో ఎస్కేప్ కింద, ట్యాబ్ పైన ఉండే ఏటవాలు గీత మీట. అది నొక్కితే షీటులో జవాబులు మాయమై సూత్రాలు కనబడతాయి. మన మెట్రో పట్టికను ఇలా చూస్తే తాళం వేసినదానికీ వేయనిదానికీ తేడా ఒక్క క్షణంలో తేలుతుంది. మళ్లీ నొక్కితే జవాబులు తిరిగి వస్తాయి.

మూడోది ఎక్సెల్‌లో కంట్రోల్ మీటతో ఎడమ చదరపు బ్రాకెట్. ఈ సూత్రం ఏ గళ్ల మీద ఆధారపడిందో అక్కడికి తీసుకుపోతుంది. కుడి బ్రాకెట్ దీనికి తిరగలి, ఈ గడిని వాడుకుంటున్న సూత్రాలను చూపుతుంది. ఒక గడిని చెరిపేసే ముందు కుడి బ్రాకెట్ నొక్కి చూడటం మంచిది. వెళ్లిన చోటు నుంచి వెనక్కి రావడానికి ఎఫ్5 నొక్కి ఎంటర్ నొక్కండి.

నాలుగోది ఎఫ్9. పొడుగు సూత్రంలో ఒక ముక్కను ఎంపిక చేసి ఇది నొక్కితే ఆ ముక్క విలువ ఎంతో అక్కడే కనబడుతుంది. ఏబీఎస్‌లో $ఏ4-సి$1 ముక్కను ఎంపిక చేసి చూడండి, 1 అని వస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కడం మరవకండి. అలవాటు కొద్దీ ఎంటర్ నొక్కితే ఆ చిరునామాల స్థానంలో ఉత్త 1 శాశ్వతంగా ఉండిపోతుంది, ఆ తర్వాత స్టేషన్ నంబర్లు మార్చినా అది కదలదు.

ఎఫ్4లోనూ ఒక ఉచ్చు ఉంది. సూత్రం తెరవకుండా ఉత్తప్పుడు ఎఫ్4 నొక్కితే ఎక్సెల్ మీరు అంతకు ముందు చేసిన పనిని మళ్లీ చేస్తుంది. అంతకు ముందు ఒక అడ్డు వరుస తీసేసి ఉంటే ఇప్పుడు ఇంకోటి పోతుంది. కంట్రోల్, జెడ్ నొక్కితే తిరిగి వస్తుందనుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్4 నొక్కితే తాళం పడే బదులు శబ్దమో తెర వెలుగో మారుతుంది. అప్పుడు ఎఫ్ఎన్ అని రాసి ఉన్న మీటను కలిపి నొక్కండి.

మెట్రో పట్టిక తాళాలు లేకుండా ఒకసారి, తాళాలతో ఒకసారి పక్కపక్కన వేసి చూడండి. మూడో పట్టికలో ఒకదాన్నుంచి ఒకటి తీసేసి, సున్నాలెన్నో లెక్కపెట్టండి. 16 రావాలి. ఆపైన స్టేషన్లను 12 చేసి, హౌరా మైదాన్ దాకా 144 గళ్లకూ అదే సూత్రం నింపండి, సూత్రంలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.